మెదడులో హెచ్‌ఐవీ: ప్రయోగశాల మోడల్‌ను ఎంచుకుని నడపడం ఎలా?

మినోసైక్లిన్ సంగతితో మొదలుపెడతాను. మొటిమలకు కూడా రాసే పాత, చవక యాంటీబయాటిక్ అది. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ బృందం ఈ మందును మకాక్ కోతుల మీద పరీక్షించింది. వాటికి ముందుగా ఎస్‌ఐవీ ఎక్కించారు. హెచ్‌ఐవీకి కోతుల్లో ఉండే దాయాది అది. మందు పడిన కోతుల్లో మెదడు వాపు తగ్గింది, మెదడులో వైరస్ కూడా తగ్గింది. ఇంకేం, మందు దొరికినట్టే అనుకున్నారు. తర్వాత, ఆలోచనా శక్తి మందగిస్తున్న వందమందికి పైగా హెచ్‌ఐవీ రోగులతో అమెరికాలో ట్రయల్ నడిపారు. మేలు కనిపించే సూచన లేదని గడువుకు ముందే ఆపేశారు. ఉగాండాలో ఇంకా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందులు) మొదలుపెట్టని రోగులతో చేసిన ట్రయల్‌లోనూ అదే తంతు.

కోతుల ప్రయోగంలో తప్పేమీ లేదు. వైరస్ ఎక్కించిన 21వ రోజునే వాటికి మందు మొదలైంది. మూడు నెలల్లో మెదడు వాపు దాదాపు ఖాయంగా వచ్చే మోడల్ (మనిషి జబ్బుకు బదులుగా ల్యాబ్‌లో వాడే కణాలో జంతువో) అది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఇన్ఫెక్షన్ వయసే ఏళ్లు, నష్టం అప్పటికే జరిగిపోయి ఉంది. వైద్యులు అడిగిన ప్రశ్న ఒకటి, మోడల్ జవాబు చెప్పిన ప్రశ్న ఇంకొకటి.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ప్రతి మోడల్ ఏదో ఒక విషయంలో మనల్ని మోసం చేస్తుంది. ఏ విషయంలో చేస్తుందో ముందే తెలుసుకుని దిగడం ఎలాగో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా, మెదడులో అసలు జరిగేది

వైరస్ మెదడుకు చేరడానికి ఏళ్లు పట్టదు. థాయిలాండ్‌లో ఇన్ఫెక్షన్ తొలి రోజుల్లోనే గుర్తించినవారిని పరీక్షిస్తే, సోకి ఎనిమిది రోజులే అయి ఉంటుందని అంచనా వేసిన వ్యక్తి వెన్నుద్రవంలోనూ వైరస్ ఆర్‌ఎన్‌ఏ దొరికింది. రక్తంలోని తెల్లకణాలైన మోనోసైట్లు, టీ కణాలు దాన్ని లోపలికి మోసుకెళ్తాయి. లోపల అది కాపురం పెట్టేది ముఖ్యంగా రెండు చోట్ల: రక్తనాళాల అంచున ఉండే మాక్రోఫేజ్‌లలో (సూక్ష్మజీవులను మింగే కణాలు), మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియాలో. న్యూరాన్లకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లకు నిజంగా సోకుతుందా లేదా అన్న గొడవ ఇంకా తెగలేదు. న్యూరాన్లలో మాత్రం వైరస్ పెరగదు.

అయినా చివరికి దెబ్బతినేది న్యూరానే. మంట పక్కింట్లో, పొగ మనింట్లో అన్నట్టు. సోకిన కణాల నుంచి టాట్, జీపీ120 లాంటి వైరస్ ప్రొటీన్లు, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-1బీటా లాంటి వాపు సంకేతాలు బయటికొస్తాయి. గ్లూటమేట్, క్వినోలినిక్ ఆమ్లం మోతాదు మించి పోగవుతాయి. ఇవన్నీ కలిసి న్యూరాన్ల కొమ్మలను, సినాప్సులను (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు) అరగదీస్తాయి. కాబట్టి మీ మోడల్‌లో సోకే కణం ఒకటి, దెబ్బతినే కణం ఒకటి, కనీసం ఈ రెండూ ఉండాలి. లేదంటే రెండోదాని బదులు ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పగలగాలి.

ఇంకో సంగతి, జబ్బు ముఖమే మారిపోయింది. 1986లో న్యూయార్క్ వైద్యులు ఎయిడ్స్ డిమెన్షియా గురించి రాసినప్పుడు వాళ్లు చూసింది నెలల వ్యవధిలో మాట, నడక, జ్ఞాపకం పోగొట్టుకున్న మనుషులను. 2010లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 1,555 మందిని పరీక్షిస్తే 52 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది కానీ, డిమెన్షియా ఉన్నది 2 శాతం మందికే. మిగతావాళ్లవి చాలావరకు పరీక్ష పెడితే తప్ప బయటపడని లోపాలు. మనం వాడే పాత మోడల్స్‌లో చాలావరకు 1986 నాటి జబ్బును పట్టుకోవడానికి తయారైనవి.

మొదటి మెట్టు: ప్రశ్న ఒక్క వాక్యంలో

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చాలామంది "మా ల్యాబ్‌లో ఆర్గనాయిడ్లు చేస్తాం" అని మొదలుపెడతారు. ఆర్గనాయిడ్ అంటే మూలకణాల నుంచి పెంచే చిన్న మెదడు ముద్ద. ఆర్గనాయిడ్‌తో ఏం అడుగుతారో ఆ తర్వాత వెతుక్కుంటారు. ఈ వరస తిరగేయండి. ఒక కాగితం తీసుకుని మీ ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి. అందులో నాలుగు విషయాలు కనబడాలి: ఏ వైరస్, ఏ కణం, మందులు ఉన్న దశా లేని దశా, చివరికి కొలిచేది ఏమిటి.

ఈ వ్యాసం పొడుగునా ఒక ప్రశ్నను వెంట తీసుకెళ్తాను: "సబ్‌టైప్ సి వైరస్ సోకిన మైక్రోగ్లియాలో డోలుటెగ్రావిర్ వల్ల వైరస్ వ్యాప్తి ఆగాక కూడా, పక్కనున్న న్యూరాన్ల సినాప్సులు తగ్గుతూనే ఉంటాయా?" సబ్‌టైప్ సి మన దేశంలో ఎక్కువగా ఉన్న హెచ్‌ఐవీ రకం, డోలుటెగ్రావిర్ ఏఆర్‌టీ మందుల్లో ఒకటి. వాక్యం కొంచెం పొడుగే. అయినా దీని మీద గీత గీసి చూడండి, నాలుగూ దొరుకుతాయి.

రెండో మెట్టు: వైరస్‌ను ఎంచుకోవడం

దీన్ని చాలామంది ఫ్రీజర్‌లో ఏముంటే అది తీసి తేల్చేస్తారు. అక్కడే దెబ్బ పడుతుంది.

ల్యాబుల్లో అందరికీ తెలిసిన ఎన్‌ఎల్4-3 వైరస్ టీ కణాల్లో బ్రహ్మాండంగా పెరుగుతుంది. లోపలికి వెళ్లడానికి సీఎక్స్‌సీఆర్4 అనే తలుపు వాడుతుంది. మాక్రోఫేజ్‌లలో మాత్రం దాదాపుగా పెరగదు. మెదడు పనికి సీసీఆర్5 తలుపు వాడుతూ, కణం మీద సీడీ4 (వైరస్ ముందుగా పట్టుకునే ప్రొటీన్) తక్కువున్నా దూరగలిగే వైరస్ కావాలి. ఏడీఏ, బీఏఎల్, వైయూ-2, జేఆర్-ఎఫ్ఎల్ అలాంటివి. జేఆర్-ఎఫ్ఎల్ పేరులోని చివరి రెండు అక్షరాలు మెదడు ముందు భాగాన్ని సూచిస్తాయి, ఎందుకంటే దాన్ని తీసింది అక్కడి నుంచే. అదే రోగి వెన్నుద్రవం నుంచి తీసిన జేఆర్-సీఎస్ఎఫ్ మాక్రోఫేజ్‌లలో సరిగా పెరగదు. ఒకే మనిషి, రెండు చోట్లు, రెండు స్వభావాలు. అందుకే "సీసీఆర్5 వాడుతుంది కాబట్టి మాక్రోఫేజ్‌లకు సోకుతుంది" అనే లెక్క వేయకండి. సోకించి చూడండి.

పైన చెప్పినవన్నీ సబ్‌టైప్ బి, అంటే అమెరికా, యూరప్‌లలో తిరిగే రకం. మన దేశంలో తొంభై శాతానికి పైగా ఇన్ఫెక్షన్లు సబ్‌టైప్ సి వల్ల వచ్చేవి. గుంటూరు ఏఆర్‌టీ కేంద్రంలోనో వరంగల్ కేంద్రంలోనో వరసలో నిలబడే మనిషి ఒంట్లో ఉండేది చాలావరకు ఆ రకమే. ఈ తేడా పేరుకు మాత్రమే కాదు. బి రకం టాట్ ప్రొటీన్‌లో 30, 31 స్థానాల్లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు పక్కపక్కన ఉంటాయి. భారతీయ సి రకంలో 31వ చోట ఎక్కువగా సిరీన్ ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో మోనోసైట్లను పిలిచే శక్తి తగ్గిపోతుందని బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్‌లోని రంగా ఉదయకుమార్ బృందం 2004లో చూపింది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో పంకజ్ సేఠ్ బృందం జేఎన్‌సీఏఎస్‌ఆర్‌తో కలిసి 2008లో మానవ న్యూరాన్ల మీద ఈ రెండు టాట్‌లనూ పోల్చింది. సి రకం విషప్రభావం తక్కువని తేలింది. అదే ఏడాది, భారతీయ సి క్లోన్ ఇండీ-సి1నూ బి రకం ఏడీఏనూ ఎలుకల మెదడులో పోల్చిన అధ్యయనంలో సి సోకిన ఎలుకలు జ్ఞాపక పరీక్షలో తక్కువ తప్పులు చేశాయి.

అయితే సి అంతా సాధువే అనుకుంటే పొరపాటు. దక్షిణాఫ్రికా సి వైరస్‌లలో కొన్నింటికి ఆ రెండో సిస్టీన్ ఉంది, అవి ఎలుకల్లో గట్టి దెబ్బే తీశాయి. చెన్నై, బెంగళూరుల్లో రోగులను నిశితంగా పరీక్షిస్తే చిన్న స్థాయి లోపాలు బయటపడ్డాయి కూడా. కాబట్టి మీ నోట్‌బుక్‌లో "సబ్‌టైప్ సి" అని ఆపేయకండి. ఏ క్లోన్, ఏ దేశం, టాట్ 31వ స్థానంలో ఏముంది, మూడూ రాయండి. మన ప్రశ్నకు నేనైతే ఇండీ-సి1 తీసుకుని, పక్కన ఏడీఏను తోడు పెట్టుకుంటాను.

మూడో మెట్టు: అనుమతులు, భద్రత

దీన్ని మూడో మెట్టుగా పెట్టాను కానీ, కాగితాల పని మొదటి రోజే మొదలవ్వాలి, నెలలు పడుతుంది. సజీవ హెచ్‌ఐవీని పెంచడానికీ గాఢం చేయడానికీ బీఎస్‌ఎల్-3 (మూడో స్థాయి జీవభద్రత) వసతి చూసుకోండి. ఏ పని ఏ గదిలో చేయాలన్నది మీ సంస్థ జీవభద్రత కమిటీ చెబుతుంది, మీరు కాదు. రక్తం, కణజాలం వాడితే నైతిక కమిటీ, జంతువులైతే జంతు నైతిక కమిటీతోపాటు జంతు ప్రయోగాలను పర్యవేక్షించే సీసీఎస్‌ఈఏ నియమాలు, మూలకణాలైతే జాతీయ మూలకణ మార్గదర్శకాలు. రోగి నమూనాలు తీసుకునేటప్పుడు 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం పేరు, వివరాలు గోప్యంగా ఉంచడం చట్టబద్ధమైన బాధ్యత.

సూది గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు హుడ్ (వైరస్ పని చేసే భద్రతా పెట్టె) మీదే అంటించి ఉండాలి. నివారణ మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లో 72 గంటల్లోపు మొదలవ్వాలి. తిట్టు తింటామని భయపడి దాచిపెట్టే విద్యార్థులు ఉంటారు. పర్యవేక్షకులు తిట్టకుండా ఉండడం కూడా భద్రతా నియమమే.

నాలుగో మెట్టు: సెల్ లైన్లా, రక్తం నుంచి తీసిన కణాలా?

గుడ్డి కన్నా మెల్ల మేలు అన్న పద్ధతిలో సెల్ లైన్లతో (ల్యాబ్‌లో ఎడతెగకుండా పెరిగే కణాలు) మొదలుపెట్టడం తప్పు కాదు. పద్ధతి కుదిరిందా, యాంటీబాడీ పనిచేస్తుందా అని చూసుకోవడానికి అవి చవక. వాటి జాతకం మాత్రం తెలిసి ఉండాలి. న్యూరాన్ల బదులు అందరూ వాడే ఎస్‌హెచ్-ఎస్‌వై5వై కణాలు ఒక చిన్నపిల్ల క్యాన్సర్ నుంచి వచ్చినవి, విభజన చెందుతూనే ఉంటాయి. రెటినాయిక్ ఆమ్లంతో కొంత న్యూరాన్ రూపం తెప్పించవచ్చు. దానితో సినాప్సుల గురించి మాట్లాడటం మాత్రం సాహసం. మోనోసైట్ల బదులు వాడే టీహెచ్‌పీ-1 కూడా రక్తక్యాన్సర్ కణమే.

అన్నిటికన్నా ముచ్చటైనది సీహెచ్ఎంఈ-5 కథ. మానవ మైక్రోగ్లియా అని ఏళ్ల తరబడి ల్యాబుల్లో చేతులు మారిన లైన్ అది. తర్వాత జన్యువులు పరీక్షిస్తే ఎలుక జాతి కణమని తేలింది. దాని మీద వచ్చిన పేపర్లు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. ఏ లైన్ చేతికొచ్చినా, ఎంత నమ్మకమైన స్నేహితుడు ఇచ్చినా, ముందు ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాన్ని గుర్తుపట్టే డీఎన్‌ఏ పరీక్ష), మైకోప్లాస్మా (కల్చర్లకు పట్టే బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి.

అసలు పనికి మాత్రం రక్తం నుంచి తీసిన మాక్రోఫేజ్‌లను మించిన నడిమధ్య దారి లేదు. బ్లడ్ బ్యాంకు నుంచి అనుమతితో తెచ్చిన బఫీ కోట్ (రక్తంలోని తెల్లకణాల పొర) లోంచి సీడీ14 గుర్తు ఉన్న మోనోసైట్లను వేరు చేసి, ఎం-సీఎస్‌ఎఫ్ అనే పెరుగుదల కారకం కలిపిన మీడియంలో ఆరేడు రోజులు ఉంచితే అవి చదునుగా పరుచుకుని మాక్రోఫేజ్‌లు అవుతాయి. వైరస్‌ను రాత్రంతా ఉంచి, పొద్దున బాగా కడిగి, ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి సగం మీడియం మార్చుతూ, తీసిన దాన్ని పీ24 (వైరస్ లోపలి ప్రొటీన్) పరీక్షకు దాచుకుంటూ పోవాలి. పెరుగుదల మామూలుగా ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య శిఖరానికి చేరుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు పడే రెండు గుంటలు. కడిగిన వెంటనే తీసిన నమూనా దాచకపోతే, మీరు పోసిన వైరసే మిగిలిపోయిందా, కొత్తది పుట్టిందా చెప్పలేరు. కల్చర్ పలకలోని ఒక బావిలో, అంటే ఒక చిన్న గుంతలో, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను (వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) ఆపే మందు, జిడోవుడిన్ లాంటిది, సోకించడానికి ముందు నుంచే వేసి ఉంచండి. అక్కడా పీ24 కనిపిస్తే అది పాత సరుకు. రెండోది, దాతల మధ్య తేడా. ఒకరి మాక్రోఫేజ్‌లలో వైరస్ పొంగిపొర్లుతుంది, ఇంకొకరివి పదో వంతు కూడా ఇవ్వవు. ఇది మీ చేతి తప్పు కాదు, మనుషులు అలాగే ఉంటారు. ఆరుగురు, వీలైతే ఎనిమిది మంది దాతలను పెట్టుకోండి, తక్కువ పెరిగిన దాతను లెక్కలోంచి తీసేయకండి.

ఐదో మెట్టు: టాట్ పోసి చూడటం, నేను పోగొట్టుకున్న రెండున్నర నెలలు

సజీవ వైరస్ లేకుండా ప్రొటీన్ ఒక్కటే కణాల మీద పోయడం అన్నిటికన్నా తేలిక, బీఎస్‌ఎల్-3 అక్కర్లేదు. అందుకే అందరూ చేస్తారు. దీనికి ఒక గట్టి సమర్థన కూడా ఉంది. ఇప్పుడున్న ఏఆర్‌టీ మందులు కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపుతాయి గానీ, ఇప్పటికే డీఎన్‌ఏలో కలిసిపోయిన వైరస్ టాట్‌ను తయారు చేయకుండా ఆపలేవు. రక్తంలో వైరస్ అణిగి ఉన్నవాళ్ల వెన్నుద్రవంలోనూ టాట్ దొరికింది.

చిక్కల్లా మోతాదులో, శుభ్రతలో ఉంది. వెన్నుద్రవంలో కొలిచిన టాట్ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో, అంతకన్నా తక్కువలో ఉంటుంది. పేపర్లలో పోసేది చాలాసార్లు మైక్రోగ్రాముకు దగ్గరగా ఉంటుంది. సోకిన కణం పక్కనే గాఢత ఎక్కువ ఉండొచ్చన్న వాదన కొంతవరకు నిజం. అయినా మోతాదు మెట్లు కనీసం నాలుగు పెట్టి, అన్నిటికన్నా కింది మెట్టులో ఏం జరిగిందో కూడా చూపించాలి. టాట్ ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది, గాలికి ఆక్సీకరణ చెంది పనికిరాకుండా పోతుంది. చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి పెట్టుకోండి, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకండి.

నా మొదటి ఏడాది సంగతి. టాట్ పోసిన ప్రతిసారీ మాక్రోఫేజ్‌ల నుంచి టీఎన్‌ఎఫ్ వరదలా వచ్చేది. గ్రాఫులు చూసుకుని మురిసిపోయాను. ఒక సీనియర్ అక్క వచ్చి, "మరగబెట్టిన టాట్‌తో చేశావా?" అని అడిగింది. చేశాను. అదే వరద. వేడికి టాట్ చచ్చిపోతుంది గానీ, బ్యాక్టీరియాలో తయారు చేసిన ప్రొటీన్‌తోపాటు వచ్చే ఎండోటాక్సిన్ చావదు. నేను రెండున్నర నెలలు కొలిచింది బ్యాక్టీరియా గోడనే. అప్పటి నుంచి నా జాబితా ఇది: ప్రతి బ్యాచ్‌కూ ఎండోటాక్సిన్ ఉందో లేదో చూసే ఎల్‌ఏఎల్ పరీక్ష, మరగబెట్టిన టాట్ ఒక బావిలో, ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలీమిక్సిన్-బి ఒక బావిలో, సిస్టీన్ మార్చిన టాట్ ఒక బావిలో. ఈ నాలుగూ లేని టాట్ పేపర్‌ను ఇప్పుడు చదవడానికి కూడా ఓపిక రాదు.

ఆరో మెట్టు: రక్తానికీ మెదడుకూ మధ్య గోడ

మీ ప్రశ్న వైరస్ లోపలికి వెళ్లడం గురించి అయితేనే ఇది. సన్నని రంధ్రాలున్న ఇన్సర్ట్ పొర మీద పైవైపు రక్తనాళపు ఎండోథీలియల్ కణాలు, కిందివైపు ఆస్ట్రోసైట్లు పెంచుతారు. ఆస్ట్రోసైట్ల కాళ్లు రంధ్రాల్లోంచి పైకి తాకాలి కాబట్టి 3 మైక్రాన్ల రంధ్రాలు మామూలు. కింది గదిలో మోనోసైట్లను పిలిచే సీసీఎల్2 వేసి, పైన సోకిన మోనోసైట్లు పోసి, 24 గంటల తర్వాత ఎన్ని దిగాయో లెక్కపెడతారు.

గోడ గట్టిదా కాదా అని విద్యుత్ నిరోధంతో, రంగు పట్టించిన ఆల్బుమిన్ కారుతుందా అన్నదానితో చూసుకోవాలి. తేలికగా దొరికే హెచ్‌సీఎంఈసీ/డీ3 లైన్‌తో నిరోధం కొన్ని పదుల ఓమ్‌ల దగ్గరే ఆగుతుంది. అసలు మెదడులో అది వెయ్యి దాటుతుందని అంచనా. కణాల వలసకు ఇది సరిపోతుంది, చిన్న అణువుల మందు ఎంత దూరుతుందో తేల్చడానికి సరిపోదు. మన ప్రశ్నకు ఈ మెట్టే అక్కర్లేదు, దాటేద్దాం.

ఏడో మెట్టు: మూలకణాల నుంచి చిన్న మెదడు

చర్మం లేదా రక్త కణాలను వెనక్కి తిప్పి ఐపీఎస్ కణాలు (ఏ కణంగానైనా మారగల మూలకణాలు) చేయడం 2007లో మనుషుల కణాలతో సాధ్యమైంది. ఇప్పుడు ఒకే దాత నుంచి న్యూరాన్లు, ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా మూడూ చేసి ఒకే పాత్రలో కలపొచ్చు. 2020లో ఫిలడెల్ఫియా బృందం సరిగ్గా ఇలాంటి మూడు కణాల కల్చర్‌లో మైక్రోగ్లియాకు హెచ్‌ఐవీ సోకించి, ఎఫవిరెంజ్ అనే ఏఆర్‌టీ మందు వేసి చూసింది. మందు వైరస్‌ను తగ్గించినా వాపు సంకేతాలు పూర్తిగా పోలేదు. మన ప్రశ్నకు దీనికన్నా దగ్గరి దారి లేదు. రెండు మార్పులు మాత్రం చేయాలి. వైరస్ సి రకం కావాలి. మందు కూడా మారాలి, ఎందుకంటే మన కేంద్రాల్లో ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర. ఎఫవిరెంజ్‌కు న్యూరాన్లను స్వయంగా బాధించే గుణం ఉంది. అందుకే వైరస్ లేకుండా మందు మాత్రమే వేసిన బావి తప్పనిసరి, డోలుటెగ్రావిర్‌కైనా సరే.

చేసే వరస ఇలా ఉంటుంది. న్యూరాన్లు, ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా విడివిడిగా తయారు చేయాలి. మైక్రోగ్లియాకు వేరే పాత్రలో సోకించి, కడిగి, అప్పుడే న్యూరాన్ల దగ్గరికి చేర్చాలి. అన్నీ కలిపాక వైరస్ పోస్తే న్యూరాన్ల మీద పడ్డ వైరస్ రేణువులు వేరే ప్రభావం చూపించి తికమక పెడతాయి. నిష్పత్తి కూడా ఆలోచించి పెట్టాలి, మైక్రోగ్లియా ఎక్కువ వేస్తే వైరస్ లేకపోయినా వాపే. ఒక్కో బ్యాచ్‌కు రెండు మూడు నెలలు పడుతుంది, ఖర్చు ప్రొఫెసర్‌కు తెలుస్తుంది.

ఆర్గనాయిడ్ల దగ్గర ఒక పుట్టుక సమస్య ఉంది. 2013లో వియన్నాలో తొలిసారి చేసిన మెదడు ఆర్గనాయిడ్లు నాడీ పొర నుంచి పెరిగేవి. మైక్రోగ్లియా పిండం పచ్చసొన సంచి నుంచి వలస వచ్చేవి. అంటే మామూలు ఆర్గనాయిడ్‌లో హెచ్‌ఐవీకి ఇల్లే లేదు! మైక్రోగ్లియాను బయటి నుంచి చేర్చాలి. చేర్చినా, ఆ ఆర్గనాయిడ్ వయసు గర్భస్థ శిశువు మెదడుకు దగ్గర, మీ రోగి వయసు యాభై. రక్తనాళాలు ఉండవు, నడిమధ్యలో ఆక్సిజన్ అందక కణాలు చస్తాయి. ఆ చావును వైరస్ ఖాతాలో రాయకండి.

ఎనిమిదో మెట్టు: ఎలుకలు

ఎలుకకు హెచ్‌ఐవీ సోకదు. కాబట్టి ప్రతి ఎలుక మోడల్‌లోనూ ఏదో ఒక మాయ చేశారు. ఆ మాయ ఏమిటో తెలిస్తే దాని హద్దు తెలిసినట్టే.

1994లో ఆస్ట్రోసైట్లు జీపీ120 తయారు చేసే జన్యుమార్పిడి ఎలుక వచ్చింది. వైరస్ లేదు, ఒక ప్రొటీన్ జీవితాంతం. 2003లో డాక్సీసైక్లిన్ ఇస్తేనే టాట్ తయారయ్యే ఎలుక వచ్చింది. మీట నొక్కినట్టు ఎప్పుడు కావాలంటే అప్పుడు మొదలవుతుంది. కాకపోతే డాక్సీసైక్లిన్ మన మినోసైక్లిన్‌కు చుట్టమే, అది కూడా వాపు తగ్గిస్తుంది. టాట్ జన్యువు లేని ఎలుకలకూ అదే డాక్సీ దాణా పెట్టకపోతే పోలిక చెల్లదు.

2001 నాటి జన్యుమార్పిడి పెద్ద ఎలుకలో వైరస్ పెరగడానికి కావలసిన గ్యాగ్, పోల్ జన్యువులు తీసేసి మిగతా వైరస్ జన్యువులు పెట్టారు. వైరస్ పెరగకుండా ప్రొటీన్లు మాత్రం వస్తూ ఉండటం ఏఆర్‌టీ దశను కొంత పోలి ఉంటుంది. వీటికి కంటి శుక్లాలు వస్తాయి. నీటి చిట్టడవి పరీక్షలో నీళ్లలో దాగిన దిమ్మెను ఎలుక కనిపెట్టలేకపోతే, మరచిపోయిందా కనబడలేదా? కన్ను పరీక్షించకుండా జ్ఞాపకం గురించి తీర్పు చెప్పకండి. వాసనతోనో స్పర్శతోనో నడిచే పరీక్షలు ఎంచుకోండి.

ఎకోహెచ్‌ఐవీ అన్నది 2005లో వచ్చిన తెలివైన ఉపాయం. హెచ్‌ఐవీ పైతొడుగు ప్రొటీన్ జీపీ120 తీసేసి, ఆ చోట ఎలుకల ల్యుకేమియా వైరస్ తొడుగు పెట్టారు. మామూలు ఎలుకకే సోకుతుంది, రోగనిరోధక శక్తి చెక్కుచెదరదు, అది వైరస్‌ను అణచిపెట్టినా జ్ఞాపకం దెబ్బతింటుంది. నేటి రోగికి ఇది చాలా దగ్గరి పోలిక. జీపీ120 లేదు కాబట్టి దాని విషప్రభావం గురించి మాత్రం ఈ ఎలుకను ఏమీ అడగకూడదు.

నిజమైన హెచ్‌ఐవీయే కావాలంటే మనిషి కణాలు నాటిన ఎలుకలు. 1990లలో రోగనిరోధక శక్తి లేని ఎలుకల మెదడులోకి సోకిన మానవ మాక్రోఫేజ్‌లను నేరుగా ఎక్కించేవారు. కొన్ని వారాల్లో వాపు కనిపించేది. ఇప్పుడు బొడ్డుతాడు రక్తంలోని సీడీ34 మూలకణాలతో మానవ రక్తవ్యవస్థనే పెంచుతున్నారు. వాటి మెదడులో మానవ మైక్రోగ్లియా చాలా తక్కువగా ఉండేవి. ఎలుకలో మైక్రోగ్లియాను పెంచే మానవ ఐఎల్-34 వచ్చేలా చేశాక ఆ లోటు తీరింది, నెబ్రాస్కా బృందం 2019లో దీన్ని చూపించింది. ఏఆర్‌టీ కూడా ఇవ్వొచ్చు. న్యూరాన్లు మాత్రం ఎలుకవే. మన ప్రశ్నకు కల్చర్ తర్వాత రెండో సాక్ష్యంగా నేను దీన్నే పెడతాను. ఒక్కో ఎలుక తయారీకి నెలలు పడుతుంది, కాబట్టి సంఖ్యను ముందే గణాంక నిపుణుడితో కూర్చుని లెక్కకట్టండి.

తొమ్మిదో మెట్టు: కోతులు, క్లుప్తంగా

మెదడు నిర్మాణం, రోగనిరోధక శక్తి, జబ్బు నడక, అన్నిటిలో మనిషికి దగ్గరివి మకాక్‌లే. మామూలు రీసస్‌లో ఎస్‌ఐవీ వల్ల మెదడు వాపు వచ్చేది కొన్నింటికే. సోకిన కణాలను చంపే సీడీ8 కణాలను తీసేస్తేనో, పిగ్‌టెయిల్ మకాక్‌లకు రెండు ఎస్‌ఐవీలు కలిపి ఎక్కిస్తేనో త్వరగా, ఖాయంగా వస్తుంది. ఆ ఖాయం అన్నదే దాని బలమూ బలహీనతా.

ఒక పిట్టకథ. అమెరికా పేపర్లలో "భారత సంతతి రీసస్" అని కనిపిస్తుంది. 1978లో మన ప్రభుత్వం కోతుల ఎగుమతిని నిషేధించింది. అంతకుముందు వెళ్లిన వాటి సంతానమే అక్కడి కేంద్రాల్లో ఉన్నది. చైనా సంతతి వాటిలో ఎస్‌ఐవీ జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. అందుకే సంతతి పేరు రాయని కోతి ప్రయోగాన్ని ఇంకొకదానితో పోల్చలేం. విద్యార్థిగా మీరు ఈ మోడల్ నడిపే అవకాశం దాదాపు లేదు, కానీ భద్రపరిచిన కోతి కణజాలం కోసం అర్జీ పెట్టుకోవచ్చు.

పదో మెట్టు: మనిషి కణజాలంతో సరిచూడటం

దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు. నేనైతే దీనికోసమే ముందు ఉత్తరం రాస్తాను. బెంగళూరు నిమ్హాన్స్‌లో మానవ మెదడు బ్యాంకు ఉంది. అమెరికాలో హెచ్‌ఐవీ మెదడు కణజాలం కోసమే 1998 నుంచి జాతీయ కన్సార్టియం నడుస్తోంది. కల్చర్‌లో తగ్గిందని మీరు చెప్పే సినాప్స్ ప్రొటీన్, అదే రకం వైరస్‌తో జీవించి, మందులు వాడి చనిపోయిన మనిషి మెదడులోనూ తగ్గిందా? చనిపోయాక ఎన్ని గంటలకు తీశారన్నది, క్షయ, టాక్సోప్లాస్మా, క్రిప్టోకాకస్ లాంటివి ఉన్నాయా అన్నది అడిగి తెలుసుకోండి. మన దగ్గర పాత కేసుల్లో అవి లేని మెదడు దొరకడమే కష్టం.

చివరి మెట్టు: కొలవడం, లెక్కపెట్టడం

న్యూరాన్లు చచ్చాయా అని మాత్రమే కొలిస్తే నేటి జబ్బు మీ కంటపడదు. సినాప్స్ ప్రొటీన్లైన సినాప్టోఫైసిన్, పీఎస్‌డీ95 చుక్కలు లెక్కపెట్టండి, ఎంఏపీ2 రంగుతో కొమ్మల పొడవు చూడండి, వీలైతే ఎలక్ట్రోడ్ పలక మీద న్యూరాన్ల స్పందనలు రికార్డు చేయండి. న్యూరాన్ దెబ్బతింటే బయటికొచ్చే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్‌ను కల్చర్‌లోనూ, ఎలుక రక్తంలోనూ, రోగి రక్తంలోనూ కొలవొచ్చు. మోడల్‌కూ మనిషికీ మధ్య నేరుగా వేసే వంతెనలు ఇలాంటివి కొన్నే ఉన్నాయి. చిత్రాలు లెక్కపెట్టేవారికి ఏ బావిలో ఏముందో తెలియకూడదు.

గణాంకాల్లో అన్నిటికన్నా ఎక్కువ జరిగే మోసం, తెలిసి చేసేది కాదు, బావులను లెక్కపెట్టడం. ఒక దాత కణాలు ఇరవై నాలుగు బావుల్లో వేస్తే మీ దగ్గరున్నది ఇరవై నాలుగు కాదు, ఒకటి. ఐపీఎస్ అయితే దాతల సంఖ్య, ఎలుకలైతే ఎలుకల సంఖ్య, ఒకే కాన్పు పిల్లలైతే ఆ సంగతి కూడా. ఆడ, మగ రెండూ పెట్టండి.

ఇక మన ప్రశ్నకు పనుల వరస. సి, బి వైరస్‌లను ముందు ఆరుగురు దాతల మాక్రోఫేజ్‌లలో పెంచి చూడాలి. తర్వాత మూడు కణాల కల్చర్‌లో ఆరు గుంపులు పెట్టాలి: వైరస్ లేనిది, సి, బి, ఈ మూడూ డోలుటెగ్రావిర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. మందు సోకించక ముందే వేస్తే అది నివారణ ప్రయోగం అవుతుంది. పీ24 శిఖరానికి చేరాక వేస్తేనే మన ప్రశ్నకు జవాబు వస్తుంది. ఆ ఫలితం నిలబడితే ఐఎల్-34 ఎలుకలు, ఈలోగా మెదడు బ్యాంకుకు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చి ఉంటుంది.

పేపర్ రాసేటప్పుడు పద్ధతుల పట్టికలో మూడు గడులు అదనంగా పెట్టండి: వైరస్ సోకించిన రోజు, ఏఆర్‌టీ మొదలైన రోజు, పరీక్షిస్తున్న మందు మొదలైన రోజు. మినోసైక్లిన్ కోతుల పట్టికలో అయితే మొదటి గడిలో సున్నా, రెండోది ఖాళీ, మూడో గడిలో 21 ఉండేవి.